అవ్వ ముఖం మీద రెండు ఆకుపచ్చలు: ఒక పోర్ట్రెయిట్ ఎడిటింగ్ కేస్ స్టడీ

ఒక్క ఫోటోకు నాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో రెండు పెళ్లి ఆల్బములు పూర్తిచేసి ఉండేవాణ్ణి. అయినా రాసి పెట్టుకోదగ్గ కేసు ఇదే అనిపించింది. ఇందులో తప్పులు చాలావరకు నావే. అవి చేతకాక చేసినవి కావు, చేయి తిరిగినందువల్ల చేసినవి.

ఊరి పేరు, మనుషుల పేర్లు ఇవ్వడం లేదు. అవ్వ పచ్చబొట్టు ఆకారాన్నీ, అది ఉన్న చోటునూ మార్చి రాశాను. చీర రంగు మాత్రం మార్చలేదు. అది మారిస్తే కేసే ఉండదు.

నేపథ్యం

ఒంగోలులో నాకు ఎడిటింగుకూ ప్రింటింగుకూ ఒక చిన్న గది ఉంది. 1990లలో కలర్ ల్యాబులో పని నేర్చుకున్నాను. ఇప్పుడు వచ్చే పనిలో ముప్పాతిక వంతు పెళ్లిళ్లే. మిగిలిన పావు వంతు, ఉద్యోగాలు చేసుకుంటూ సెలవుల్లో కెమెరా భుజాన వేసుకుని తిరిగే కుర్రవాళ్లది. నెల్లూరు రొట్టెల పండుగలో చెరువు నీళ్లలో నిలబడిన ముఖాలు, మైపాడు తీరాన వల లాగే మత్స్యకారులు, చీమకుర్తి గ్రానైటు క్వారీల్లో దుమ్ము కొట్టుకుపోయిన కార్మికులు, వీళ్ల ముఖాలన్నీ నా తెర మీదికి వస్తుంటాయి. ఆ మనుషులను నేను ఎప్పుడూ చూసి ఉండను. చూడని మనిషి ముఖానికి రంగు దిద్దడం నా వృత్తి. ఇందులో ఇబ్బంది ఉందని ఈ కేసు వచ్చేదాకా నాకు తోచలేదు.

ఈ కేసు తెచ్చినతనికి ముప్పై లోపు వయసు. సొంత ఊరు ప్రకాశం జిల్లాలోనే, ఉద్యోగం బెంగళూరులో. ఒక కళాశాలలో పన్నెండు ఫోటోలతో ప్రదర్శన పెట్టుకుంటున్నాడు. కనుపర్తి, బింగినపల్లి, నెల్లూరు వైపు ఇస్కపల్లి, ఇలా మా తీరం వెంట ఉప్పు మడులు కొత్తేమీ కాదు. అలాంటి ఒక ఉప్పు కొఠారులో, ఏప్రిల్ నెలలో, పగలు పదకొండు గంటలకు తీసిన ఫోటో అతని ప్రదర్శనకు ముఖచిత్రం. అరవై దాటిన అవ్వ, చేతిలో ఉప్పు లాగే పొడుగు కర్ర, తల మీద ఆకుపచ్చ పలుచని చీర కొంగు, వెనుక తెల్లని ఉప్పు కుప్పలు. కూర్పు బాగుంది. కళ్లు సూటిగా కెమెరాలోకి చూస్తున్నాయి. అవ్వను అడిగి, పేరు తెలుసుకుని, కాసేపు మాట్లాడాకే తీశానని చెప్పాడు. ఆ ఒక్క మాటతో అతని మీద నాకు మంచి అభిప్రాయం కలిగింది.

వచ్చిన సమస్య

అతను నా దగ్గరికి రావడానికి ముందే రెండు ప్రింట్లు వేయించి అవ్వకు ఇచ్చి వచ్చాడు. మొదటి దానిలో ఉప్పు బూడిద రంగులో, ముఖం బొగ్గులా వచ్చింది. ముక్కు, కళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. రెండో దానిలో ముఖాన్ని బాగా పైకి లేపాడు. దాన్ని చేతిలోకి తీసుకుని అవ్వ అడిగిన ప్రశ్న ఇది:

"ఈమెకు ఒంట్లో బాగా లేదా నాయనా?"

అతను నవ్వుతూ చెప్పాడు కానీ, నాకు నవ్వు రాలేదు. ఆ ప్రింటులో చర్మం తెల్లబడలేదు, పాలిపోయింది. బూడిద పూసినట్టుంది. నలుపు, చామనచాయ ముఖాలను ఎడిటింగులో వెలిగించబోతే తరచుగా జరిగేది ఇదే. నలుపు తగ్గుతుంది, ప్రాణం కూడా తగ్గుతుంది.

అప్పటికే అతను చేయని ప్రయోగం లేదు. నీడలకు నీలం, చర్మానికి నారింజ పులిమే ప్రీసెట్ (ముందే సిద్ధం చేసి పెట్టిన సవరణల కట్ట) ఒకటి వేశాడు. ఒకే ఫైలును మూడు వెలుగుల్లో తీసి కలిపే హెచ్‌డీఆర్ చేశాడు. దాంతో కొంగు అంచు చుట్టూ తెల్లని వలయం వచ్చింది. గరుకును ఎత్తి చూపే క్లారిటీ అనే సవరణ పెంచి ముడతలను చెప్పు తోలులా చేశాడు. యాత్రా చిత్రాల్లో ముసలివాళ్ల ముఖాలకు ఈ శిక్ష ఎందుకు వేస్తారో నాకు ఎప్పటికీ అర్థం కాదు. చివరికి 1930 ఉప్పు సత్యాగ్రహం రోజులు గుర్తుకు రావాలని గోధుమ రంగు కూడా వేసి చూశాడు. ఆ సత్యాగ్రహ శిబిరం నడిచిన దేవరంపాడు మా జిల్లాలోనే ఉంది కనుక ఆలోచన పుట్టడంలో వింత లేదు. కానీ ఈ అవ్వ నిరుడు కూడా ఉప్పు లాగింది. ఆమెను తొంభై ఏళ్ల వెనక్కి నెట్టడం దేనికి?

"ఇవన్నీ పక్కన పెట్టు తమ్ముడూ. రా ఫైలు ఉందా?" అని అడిగాను.

ఉంది. రా అంటే కెమెరా పట్టిన వెలుగును కుదించకుండా దాచిన మూల ఫైలు. అంతవరకు అతను కుదించిన జేపెగ్ ఫైలు మీదే కుస్తీ పట్టాడు.

మొదట నేను చేసిన రోగనిర్ణయం

ఫైలు తెరవగానే కనిపించింది తక్కువ ఎక్స్‌పోజరు, అంటే ఫోటోకు చాలినంత వెలుగు అందలేదు. ఐఎస్ఓ (వెలుగుకు స్పందించే స్థాయి) 100, ఎపర్చరు (లెన్సు ద్వారం) 5.6, షట్టరు (అది తెరుచుకుని ఉన్న సమయం) సెకనులో 2500వ వంతు. పాత లెక్క ప్రకారం నడి ఎండలో ఎపర్చరు 16 పెడితే షట్టరు సుమారు 100వ వంతు ఉండాలి. అంటే 5.6కు 800వ వంతు. ఇతని ఫోటో అంతకంటే స్టాపున్నరకు పైగా తక్కువలో ఉంది. ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది, పెరిగితే రెట్టింపవుతుంది. కారణం తెలిసిందే. కెమెరాలోని మీటరు ఎదుట ఉన్నది నడిమి బూడిద రంగు అనుకుని లెక్క కడుతుంది. దానికి ఎదురుగా ఎకరాల కొద్దీ తెల్లని ఉప్పు పరిచి పెడితే, ఇంత వెలుగు ఎక్కడిదని బెదిరి కోత పెడుతుంది. మంచు కొండల్లో తీసేవాళ్లకు ఇది మొదటి పాఠం. మన దగ్గర మంచు లేదు కాబట్టి ఆ పాఠం ఎవరూ చెప్పరు. ఉప్పు, ఇసుక తిన్నెలు, ఆరబోసిన బియ్యం, అన్నీ ఇదే పని చేస్తాయి.

కోత పడిన వెలుగులో ముఖానిది ఇంకా చిన్న వాటా. అది కొంగు నీడలో ఉంది, పైగా నల్లని చర్మం. పద్నాలుగు బిట్ల రా ఫైలులో చీకటి నుంచి వెలుగు దాకా మొత్తం 16384 మెట్లు ఉంటే, అన్నింటికంటే వెలుగైన ఒక్క స్టాపు అందులో సగం, అంటే 8192 మెట్లు తినేస్తుంది. దాని కింది స్టాపుకు 4096, ఆ కింద 2048, ఇలా సగం సగంగా తగ్గుతాయి. ముఖం ఐదారు స్టాపుల కింద ఉంటే దానికి మిగిలేది కొన్ని వందల మెట్లు. ఎనిమిది బిట్ల జేపెగ్‌లో అవి వేళ్ల మీద లెక్కపెట్టేంతకు వచ్చేస్తాయి. వాటిని సాగదీస్తే ఇసుక చల్లినట్టు గింజలు (నాయిస్) తేలుతాయి, రంగు చెదురుతుంది. అతని రెండో ప్రింటు పాలిపోవడానికి కారణం ఇదే అనుకున్నాను. రా ఫైలు నుంచి మొదలుపెడితే సమస్య సగం తీరినట్టే అని ధీమాగా చెప్పాను కూడా.

అది తప్పు నిర్ణయం. పూర్తిగా తప్పు కాదు, అందుకే ప్రమాదకరం. ఉన్న కారణం ఒకటి దొరకగానే వెతకడం మానేశాను.

ఫలించని ప్రయత్నాలు

ఎక్స్‌పోజరు పైకి తెచ్చి, వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగును సరిదిద్దే సవరణ) కోసం డ్రాపర్ అనే పనిముట్టును ఉప్పు కుప్ప మీద నొక్కాను. ఉప్పు తెలుపు కదా, దాన్ని తెల్లగా చేస్తే మిగతావన్నీ వాటి రంగులకు వస్తాయని నా తర్కం. ఉప్పు మల్లెపూవులా వచ్చింది. ముఖం మాత్రం అదే బూడిద. గింజలు తగ్గాయి అంతే. జబ్బు అలాగే ఉంది.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సింది. ఉప్పు మీద పడింది నేరుగా ఎండ. ముఖం మీద పడింది వేరే వెలుగు. ఒక వెలుగులో ఉన్న వస్తువును కొలిచి, మరో వెలుగులో ఉన్న ముఖానికి మందు వేశాను. ఆలోచించకుండా, చేతికి అలవాటైన రెండో పనిముట్టు తీశాను.

దాన్ని ఫ్రీక్వెన్సీ సెపరేషన్ అంటారు. చర్మం గరుకును ఒక పొరలోకి, దాని కింది రంగును, వెలుగునీడలను మరో పొరలోకి విడదీసి, గరుకును ముట్టుకోకుండా రంగును సవరించే పద్ధతి. పెళ్లికూతుళ్ల ముఖాలకు వేల సార్లు వాడాను. కింది పొరలో బూడిదగా ఉన్న నుదుటికి, చెంపలకు, రంగు బాగున్న ముక్కు కొన నుంచి రంగు తెచ్చి పులిమాను. ఒక గంటలో ముఖమంతా ఒకే రంగుకు వచ్చింది. అందంగానే ఉంది. అంత అందంగా ఉండటమే చిక్కు. అరవై ఏళ్లు ఎండలో తిరిగిన ముఖం ఎక్కడా ఒకే రంగులో ఉండదు. కళ్ల కింద నలుపు, చెంప ఎముకల మీద ఎండ కాచిన ఎరుపు, పెదవుల చుట్టూ మరో ఛాయ. అవన్నీ పోయాయి. కుర్రవాడు చూసి "బాగుంది అన్నా, కానీ టీవీ సీరియల్లో అవ్వలా ఉంది" అన్నాడు. ఒప్పుకున్నాను.

అయితే ఆ విఫల ప్రయత్నమే అసలు ఆధారం ఇచ్చింది. ముక్కు కొన నుంచి రంగు తేవాల్సి వచ్చింది అంటే ముక్కు కొన బాగానే ఉందన్నమాట. ఒకే ముఖంలో ముక్కు బాగుండి నుదురు పాలిపోవడం ఎక్స్‌పోజరు వల్ల జరగదు. రంగును మూడు అంకెల్లో చెప్పే 'Lab' అనే కొలత చూశాను. అందులో 'a' అనే అంకె ఎరుపు, ఆకుపచ్చల మధ్య తూకం చెబుతుంది. పెరిగితే ఎరుపు వైపు, సున్నా కిందికి పోతే ఆకుపచ్చ వైపు. ముక్కు కొన మీద 13 ఉంది. కొంగు అంచు కింద చెంప మీద 6. నుదుటి మీద 2.

ముఖం మీద పడిన బూడిద చీర నుంచి వచ్చింది. పలుచని ఆకుపచ్చ కొంగులోంచి వడకట్టి వచ్చిన ఎండ నుదుటి మీద, చెంపల మీద పడుతోంది. కొంగు దాటి ముందుకు ఉన్న ముక్కు కొనకు అది తగలలేదు. మన చర్మం రంగు ఎంత నల్లగా ఉన్నా మూలంలో ముదురు నారింజే. దాని మీద ఆకుపచ్చ వెలుగు పడితే ఎరుపు చచ్చి బూడిద మిగులుతుంది. దానికి తోడు ఆకాశపు నీలం. చీకటిగా ఉన్నంతసేపు ఇది కంటికి తెలియదు. పైకి లేపగానే బయటపడుతుంది. ఎంత లేపితే అంత పాలిపోతుంది. ముఖచిత్రంగా ఎంచుకున్న ఫోటోలో ఇంత పెద్ద ఆకుపచ్చ కొంగు నా ఎదుటే ఉన్నా, దాన్ని చీరగా చూశానే తప్ప దీపానికి కట్టిన రంగు కాగితంగా చూడలేదు.

ఇక సులువే అనుకున్నాను. ముఖానికి ఒక మాస్క్ (సవరణను ఎంచుకున్న భాగానికే పరిమితం చేసే ముసుగు) వేసి, అందులోంచి ఆకుపచ్చను లాగేశాను. పదిహేను నిమిషాల పని. ముఖానికి రక్తం వచ్చింది. నాకూ, అతనికీ సంతోషం. ప్రింటు తీసి పంపాను. ఆ ఆదివారం అతను తీసుకెళ్లి ఇచ్చాడు. అవ్వ చూసుకుంది, బాగుందన్నది. పక్కనున్న కోడలు మాత్రం ప్రింటును వెలుగులోకి తిప్పి చూసి అడిగిందట: "అత్తా, నీ పచ్చబొట్టు ఏది?"

గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు. ఆకుపచ్చను లాగేసినప్పుడు దాన్నీ లాగేశాను. ఆ చోట మూడు గోధుమ రంగు మరకలు మిగిలాయి, పుట్టుమచ్చల్లా. ప్రింటు పంపేముందు నేను చూశాను, అతనూ చూశాడు. ఇద్దరికీ కనిపించలేదు. లేనిదాన్ని కనిపెట్టాలంటే ఉండేదని ముందే తెలిసి ఉండాలి కదా. అవ్వ కోప్పడలేదు. చిన్నప్పుడు తిరునాళ్లలో పొడిపించుకున్నానని, పోయేటప్పుడు వెంట వచ్చేది ఇదొక్కటే అంటారని చెప్పిందట. అతను ఆ మాట ఫోనులో చెప్పాక నేను ఆ రోజుకు కంప్యూటర్ కట్టేశాను.

పని చేసినవి

మరుసటి శనివారం అతనితో పాటు నేనూ వెళ్లాను. ఈ వృత్తిలో ఎడిటింగ్ కోసం మనిషిని చూడటానికి వెళ్లడం నాకు అదే మొదటిసారి. ఫోటో మళ్లీ తీద్దామని కాదు. ఆ చూపు, ఆ నిలబడిన తీరు మళ్లీ దొరకవు. నాకు కావలసింది కొలబద్ద. అవ్వ అసలు రంగు ఏమిటో తెలియకుండా, నా ఊహలో ఉన్న రంగుకు ముఖాన్ని దిద్దుతున్నానని అప్పటికి అర్థమైంది. ఆ ఊహ ఎక్కడిది? ఇరవై ఏళ్లుగా "కొంచెం తెలుపు చేయండి" అని అడిగిన పెళ్లివారిది. ల్యాబులో నేను పని నేర్చుకున్న రోజుల్లో రంగుల ప్రింట్లు సరిచూడటానికి కొడాక్ షెర్లీ కార్డులు అనేవి వాడేవారని విన్నాను. వాటిలో చాలాకాలం పాటు ఉన్నది తెల్లజాతి స్త్రీ ముఖమే. ఆ ముఖానికి సరిపోతే యంత్రం సరిగ్గా ఉన్నట్టు. అన్ని రంగుల ముఖాలతో కార్డులు రావడానికి 1990లు పట్టింది. యంత్రాలను సరిచేసుకున్నారు. నా చేతిని నేను సరిచేసుకోలేదు.

కొఠారు పక్కన తాటాకు పాక ఉంది. దాని ఉత్తరపు నీడలో అవ్వను కూర్చోబెట్టి, కొంగు తల మీంచి దించమని అడిగి, చేతికి గ్రే కార్డు ఇచ్చి మూడు ఫోటోలు తీశాం. నడిమి బూడిద రంగులో ఉండే అట్ట అది. దాన్ని బట్టి వైట్ బ్యాలెన్స్ పెడితే ఆ నీడలో చర్మం అసలు రంగు తెలుస్తుంది. "ఈ అట్ట ఎందుకు నాయనా, పలక పట్టుకున్న బడి పిల్లలా ఉన్నాను" అని అవ్వ నవ్వింది. ముంజేతి లోపలి వైపు, మెడ, పచ్చబొట్టు దగ్గరగా మరికొన్ని తీశాం. ఆమె ముఖాన్ని నా కళ్లతో కూడా తీరిగ్గా చూశాను. ఫైలులో నేను ధూళి మచ్చలనుకుని చెరిపిన తెల్ల చుక్కలు కనురెప్పల మీద పేరుకున్న ఉప్పు అని అక్కడ తెలిసింది.

తిరిగి వచ్చాక పాత ఫైలులన్నీ మూసి, రా నుంచి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ప్రతి సవరణకు ముందు ఒకే ప్రశ్న: ఇది వెలుగు పెట్టిందా, అవ్వదా? వెలుగు పెట్టిందైతే తీయవచ్చు. అవ్వదైతే ముట్టుకోకూడదు.

ఎక్స్‌పోజరును 1.6 స్టాపు మాత్రమే పెంచాను. ముఖం ఇంకా చీకటిగానే ఉంది, ఉండనిచ్చాను. ఉప్పును పూర్తి తెలుపైన 255కు పోనివ్వకుండా 245 దగ్గర ఆపాను. ఉప్పు గింజ కనిపించకపోతే అది ఉప్పులా కాక ఖాళీ కాగితంలా ఉంటుంది.

చీర పెట్టిన ఆకుపచ్చ కోసం ముఖమంతటికీ ఒకే మాస్క్ వేయడం మానేశాను. కొంగు అంచును అనుసరించి నుదుటి మీద గట్టిగా, చెంపల మీద సగం, ముక్కు దగ్గరికి వచ్చేసరికి శూన్యం అయ్యేలా చేత్తో దిద్దాను. వెలుగు ఎలా పడి ఎలా తగ్గిందో మాస్క్ కూడా అలాగే తగ్గాలి. సవరించే కర్వు లేయరును రంగుకు మాత్రమే పనిచేసేలా పెట్టాను, లేకపోతే ఎరుపు పెరిగిన చోట వెలుగూ మారిపోతుంది. పాక నీడలో తీసిన ఫోటోలో నుదుటి అంకె 14. నేను 11 దగ్గర ఆపాను. తల మీద ఆకుపచ్చ కొంగు కనిపిస్తూ ఉండగా దాని ఛాయ నుదుటి మీద బొత్తిగా లేకపోతే, ముఖం కత్తిరించి అతికించినట్టు ఉంటుంది. చూసేవారికి కారణం తెలియదు కానీ ఏదో తేడా కొడుతుంది.

పచ్చబొట్టు దగ్గర చాలాసేపు తటపటాయించాను. మాస్క్ నుంచి పూర్తిగా మినహాయిస్తే చుక్కలు మరీ పచ్చగా మెరిశాయి. అదీ అబద్ధమే. చీర ఆకుపచ్చ పలుచగానైనా ఆ చుక్కల మీద కూడా పడింది. కాబట్టి పక్క చర్మానికి ఎంత సవరణ ఉందో అందులో సగం చుక్కలకు ఇచ్చి, పాక దగ్గర తీసిన ఫోటోతో పక్కపక్కన పెట్టి సరిచూశాను. రెండు ఆకుపచ్చల్లో ఒకటి చీరది, ఒకటి ఆమెది. విడదీయడానికి ఏ స్లైడరూ లేదు. బ్రష్షు పట్టుకుని కూర్చోవడమే.

ఇక ముఖం వెలుగు. మధ్యస్థ బూడిదతో నింపిన లేయరును సాఫ్ట్ లైట్ మోడ్‌లో పెట్టి, బ్రష్షు ఫ్లో మూడు శాతం దగ్గర ఉంచి డాడ్జ్ (వెలుగు పెంచడం), బర్న్ (వెలుగు తగ్గించడం) చేశాను. కళ్ల గుంటలు, చెంప ఎముకలు కొద్దికొద్దిగా పైకి వచ్చాయి. ఉప్పు మడిలో వెలుగు కింది నుంచి కూడా కొడుతుంది. గడ్డం కింద, ముక్కు రంధ్రాల దగ్గర వెలుగు ఉండి ముఖానికి దయ్యాల కథల కళ వస్తుంది. దాన్ని పూర్తిగా చంపేద్దామని మొదట అనుకున్నాను. మరి ఇది వెలుగు పెట్టిందే కదా, తీసేయవచ్చు కదా? తీసి చూస్తే ఆమె ఉప్పులో నిలబడినట్టే లేదు, ఏ పొలం గట్టు మీదో ఉన్నట్టుంది. సగం తగ్గించి వదిలేశాను. నా ప్రశ్నకు అన్నిచోట్లా సూటి జవాబు రాదని అక్కడ తెలిసింది.

ముఖం మీద క్లారిటీ సున్నా. కనురెప్పల ఉప్పు తిరిగి వచ్చింది. ఆకాశం బోసిగా ఉందని, మబ్బులు పెడదామని అతను అడిగాడు. కర్ర నీడ నేల మీద గీత గీసినట్టు ఉండగా మబ్బు పట్టిన ఆకాశం ఎలా నప్పుతుందని అడిగితే ఊరుకున్నాడు.

ప్రింటు పరీక్ష

తెరను నమ్మి ప్రింటు తీయడం మా వృత్తిలో పాత రోగం. గదిలో తెర వెలుగు నిండుగా పెట్టుకుని దిద్దితే కాగితం మీద చీకటే వస్తుంది. తెర వెలుగును చదరపు మీటరుకు సుమారు 100 క్యాండెలాల దగ్గరికి తగ్గించి, ముఖం వరకే ఐదు చిన్న ముక్కలు ముద్రించాను. కొంచెం చీకటి నుంచి కొంచెం వెలుగు దాకా మూడు, కొలతకు సరిపోయిన ఒకటి, దానికంటే కాస్త ఎరుపు ఎక్కువున్నది ఒకటి. వాటిని అవ్వ ఇంటి వసారాలో, ఆ ఇంటి వెలుగులోనే, ఏది ఏదో చెప్పకుండా ముందు పరిచాం.

కుర్రవాడు అన్నింటికంటే వెలుగున్నది ఎంచుకుంటుందని పందెం కాశాడు. అవ్వ దాన్ని మొదటే పక్కకు తోసింది. కాసేపు చూసి, ఎరుపు కాస్త ఎక్కువున్న ముక్క మీద వేలు పెట్టింది. కొలతకు సరిపోయింది కాదు. మనుషులకు గుర్తుండే రంగు అసలు రంగు కంటే కాస్త చిక్కగా ఉంటుందని మా వృత్తిలో అందరికీ తెలిసిన మాటే. పొద్దున ముఖానికి పసుపు రాసుకుని అద్దంలో చూసుకునే ముఖం వేరు, గ్రే కార్డు చెప్పే ముఖం వేరు. కోడలు మాత్రం కొలత ముక్కనే ఎంచుకుంది. అత్తను రోజూ ఎదుట చూసేది ఆమె కదా.

ఏది ప్రదర్శనకు పెట్టాలన్న దానిపై నాకూ అతనికీ వాదన జరిగింది. కొలతకు సరిపోయిందే నిజం అని అతను. నలుగురూ నిలబడి చూసేది ఆమె ముఖం, కాబట్టి ఆమె మాట చెల్లాలి అని నేను. చివరికి అవ్వనే అడిగాం. "కోడలు చెప్పిందే పెట్టండి, నా కళ్లకు శుక్లాలు" అంది. ఆ జవాబుకు మా ఇద్దరి వాదనలూ తేలిపోయాయి. ప్రదర్శనకు కొలత ప్రింటే వెళ్లింది.

నేర్చుకున్నవి

ఇప్పుడు యాత్రా పోర్ట్రెయిట్లు తెచ్చేవారిని ఫైలు తెరవకముందే మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. ఆ మనిషి ముఖం మీద నీడ దేనిది, ఆ నీడ ఇచ్చిన వస్తువు రంగు ఏమిటి, ముఖం మీద ఏమేం గుర్తులు ఉన్నాయి. మూడో ప్రశ్నకు చాలామంది దగ్గర జవాబు ఉండదు. తీసేటప్పుడు చూసి ఉండరు. అలాంటప్పుడు నేనూ జాగ్రత్త పడతాను.

తీసేవాళ్లకు చెప్పేది ఎక్కువేమీ లేదు. ఉప్పు మడిలో, ఇసుకలో, ఆరబోసిన మిరపకాయల మధ్య తీసేటప్పుడు మీటరును నమ్మవద్దు. తెల్లని నేల అయితే ఒకటి నుంచి రెండు స్టాపులు పెంచి హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) చూసుకోండి. మిరప కళ్లంలో కింది నుంచి ఎరుపు కొడుతుంది, ఆకుపచ్చ టార్పాలిన్ కింద నుదుళ్లన్నీ పాలిపోతాయి. వీలైతే ఆ మనిషినే నాలుగడుగులు నీడలోకి రమ్మని అడిగి, ఒక్క ఫోటో కొలత కోసం తీసుకోండి. గ్రే కార్డు లేకపోతే మీ అరచేయి పక్కన పెట్టినా కొంత మేలు. తర్వాత మీ అరచేతిని చూసుకుంటూ దిద్దుకోవచ్చు.

ఫ్రీక్వెన్సీ సెపరేషన్ మానేశానని కాదు. పెళ్లి ఆల్బములకు వాడుతూనే ఉన్నాను. అక్కడ కోరిక వేరు, ఒప్పందం వేరు. అక్కడా చేయి కాస్త వెనక్కి తగ్గింది. మొన్న ఒక పెళ్లికొడుకు తండ్రి, మా వాడు ఫోటోల్లో మా వాడిలాగే ఉన్నాడేమిటి అని అడిగాడు. అది ఫిర్యాదో పొగడ్తో తేల్చుకోలేక కాఫీ తెప్పించాను.

ప్రదర్శన ముగిశాక కుర్రవాడు పెద్ద ప్రింటుకు చట్రం కట్టించి అవ్వ ఇంటికి తీసుకెళ్లాడు. దాన్ని ఆమె భద్రంగా బీరువాలో పెట్టించింది. గోడకు మాత్రం ఇంకో ఫోటో వేలాడుతోంది. పాక నీడలో తీసిన కొలత ఫోటో, చేతిలో గ్రే కార్డుతో నవ్వుతున్నది. పని బట్టల్లో ఎండకు కళ్లు చికిలించుకున్న ఫోటో ఇంటికి వచ్చేవాళ్లకు చూపించడం ఆమెకు ఇష్టం లేదట. ఆ అట్ట కనిపించకుండా కత్తిరించి మళ్లీ ముద్రించి ఇస్తానని కబురు పంపాను. వద్దంది. బడికి పోలేదు కానీ పలక పట్టుకున్న ఫోటో అయినా ఉంటుందని అందట.